పక్కలకు పదును, లోతుకు మసక

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. మైక్రోస్కోప్‌లో పొడవు, వెడల్పు చక్కగా తెలుస్తున్నాయి, లోతు దగ్గరికి వచ్చేసరికి బొమ్మ సాగిపోతోంది, అలుక్కుపోతోంది, ఏం చేయాలి అని. నేను 24 ఏళ్లుగా తిరుపతిలో మైక్రోస్కోప్ గదిలోనే పనిచేస్తున్నాను. నా దగ్గరికి స్లైడు పట్టుకుని వచ్చే పిల్లలు రోజూ అడిగేది కూడా ఇదే. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి పేజీలన్నీ దీనికే ఇచ్చాను.

ప్రశ్న: మేడం, నేను ఎం.ఎస్సీ. బోటనీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వేరుశనగ వేరు బుడిపెల మీద ప్రాజెక్టు. బుడిపె లోపలి బాక్టీరియా గుండ్రంగా ఉంటుందని పుస్తకంలో ఉంది. కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌లో పైనుంచి చూస్తే గుండ్రంగానే ఉంది. అదే స్టాక్‌ను (ఒక్కో లోతులో తీసిన ఫొటోల దొంతరను) పక్కకు తిప్పి చూస్తే ప్రతిదీ నిలువుగా సాగి వడ్లగింజలా కనిపిస్తోంది. బ్లేడుతో కోసి, ఫిక్స్ చేసిన (కణాలు చెడిపోకుండా రసాయనంతో నిలిపిన) ముక్కను స్లైడు మీద బఫర్ చుక్కలో పెట్టి కవర్‌స్లిప్ మూశాను. 63 ఎక్స్ ఆయిల్ లెన్స్, ఒక్కో మైక్రాన్‌కు ఒక ఫొటో, 40 మైక్రాన్ల లోతు దాకా తీశాను. వచ్చే వారమే ప్రెజెంటేషన్, చాలా టెన్షన్‌గా ఉంది. తప్పు నాదా, మిషన్‌దా?
ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: తల్లీ, ముందు టెన్షన్ పడకు. నీ బాక్టీరియా గుండ్రంగానే ఉంది, సాగింది బొమ్మ మాత్రమే. ఆ సాగడంలో కొంత లెన్స్ స్వభావం, ఎక్కువ భాగం స్లైడు తయారీ. రెండోది నీ చేతిలో పని.

లెన్స్ సంగతి ముందు చెప్తాను. మెరిసే చుక్క నుంచి వెలుతురు అన్ని దిక్కులకూ పోతుంది. లెన్స్ మాత్రం ఒక్క వైపే కూర్చుని, తన నోటికి ఎదురుగా వచ్చిన శంకువు మేరకే పట్టుకుంటుంది. ఆ శంకువులో ఎడమ నుంచీ కుడి నుంచీ కిరణాలు ఉంటాయి కాబట్టి అడ్డంగా చుక్క బిగుతుగా కూడుకుంటుంది. కింది వైపు వెళ్లిపోయిన కిరణాలు మాత్రం ఇక తిరిగి రావు. ఆ లోటే లోతు దిశలో సాగుదలగా కనిపిస్తుంది. ఎర్నెస్ట్ అబ్బే 1873లో అడ్డంగా ఎంత దగ్గరి వస్తువులను విడదీయగలమో లెక్క కట్టాడు: తరంగదైర్ఘ్యాన్ని న్యూమరికల్ అపెర్చర్‌కు (లెన్స్ ఎంత వెడల్పాటి శంకువును పట్టుకోగలదో చెప్పే అంకెకు) రెట్టింపుతో భాగించాలి. లోతుకు లెక్క వేరు. అక్కడ న్యూమరికల్ అపెర్చర్ వర్గంతో భాగించాల్సి వస్తుంది, పైన వక్రీభవన గుణకం (ఒక పదార్థం వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె) కూడా చేరుతుంది. నీ లెన్స్ అపెర్చర్ 1.4 అనుకుని 520 నానోమీటర్ల పచ్చ వెలుతురుకు లెక్క వేస్తే అడ్డంగా సుమారు 190 నానోమీటర్లు, లోతుకు సుమారు 800. అంటే నాలుగు రెట్లకు పైగా తేడా. నూనె లేకుండా వాడే మామూలు 40 ఎక్స్ డ్రై లెన్స్, 0.65 అపెర్చర్‌ది, తీసుకుంటే లోతుకు దాదాపు 2.5 మైక్రాన్లు. వర్గం ఉంది కాబట్టే మంచి అపెర్చర్ వల్ల అడ్డం కన్నా లోతుకే ఎక్కువ లాభం. లెన్స్ ఎంచుకునేటప్పుడు మన పిల్లలు ఎన్ని ఎక్స్ అని చూస్తారు గానీ దాని పక్కనే చెక్కిన ఈ అంకెను చూడరు. నా మాట విని ముందు దాన్నే చూడు.

ఇప్పుడు నీ వడ్లగింజ దగ్గరికి వద్దాం. రెండు మైక్రాన్ల గోళానికి 0.8 మైక్రాన్ మసక కలిస్తే అది కొంచెం కోడిగుడ్డులా కనిపించాలి, వడ్లగింజలా కాదు. మిగతా సాగుదల ఎక్కడిది? నీ ఉత్తరంలోనే జవాబుంది: బఫర్ చుక్క, అంటే దాదాపు నీళ్లే. నీ లెన్స్ చేసినవాళ్లు దాన్ని నూనె కోసం చేశారు. నూనె వక్రీభవన గుణకం 1.515, గాజుదీ దాదాపు అంతే. కవర్‌స్లిప్ దాటగానే నీళ్లు, 1.33. ఆ సరిహద్దు దగ్గర కిరణాలు వంగుతాయి, అంచు కిరణాలు ఒక చోట, నడిమి కిరణాలు ఇంకో చోట కలుస్తాయి. దీన్ని గోళీయ విపథనం అంటారు. కవర్‌స్లిప్‌కు ఆనుకుని ఉన్న చోట ఇది కనిపించదు. లోతుకు పోయేకొద్దీ పెరుగుతుంది, 40 మైక్రాన్ల దగ్గరికి వచ్చేసరికి 0.8 అన్న లెక్క ఎప్పుడో చెల్లకుండా పోయింది.

అది కాక కొలత కూడా తప్పుతుంది. ఈ పాఠం నేను నేర్చుకున్నది హైడ్రిల్లా ఆకు దగ్గర. చదువుకునే రోజుల్లో ఆ ఆకు మందం కొలవమన్నారు. ఆకును నీళ్లలో పెట్టి డ్రై లెన్స్‌తో పై పొరను ఫోకస్ చేశాను, ఫైన్ నాబ్ తిప్పి కింది పొర దాకా వెళ్లాను. నాబ్ మీద ఒక్కో గీత 2 మైక్రాన్లు. గీతలు లెక్కపెట్టి మందం రాసేశాను. పది ఆకులు కొలిచాను, పదీ దగ్గర దగ్గరగా వచ్చాయి, సంతోషపడ్డాను. తర్వాత అదే ఆకును అడ్డంగా కోసి చూస్తే నేను రాసినదాని కన్నా మందం మూడో వంతు ఎక్కువ ఉంది. రాసిన పట్టిక మొత్తం కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను. పదిసార్లు ఒకేలా వచ్చినంత మాత్రాన కొలత నిజం కాదని ఆ రోజు తెలిసింది.

కపిలతీర్థం కోనేటి మెట్ల మీద నిలబడి చూడు. నీళ్లలోని మెట్టు ఇక్కడే ఉందనిపిస్తుంది, కాలు పెడితే ఇంకా కిందికి పోతుంది. గాలిలోంచి నీళ్లలోకి చూస్తే లోతు తక్కువగా కనిపిస్తుంది. నా ఆకుకు జరిగింది అదే. నీది దానికి తిరగబడ్డ కేసు. నూనెలోంచి నీళ్లలోకి చూస్తున్నావు, స్టేజీ 10 మైక్రాన్లు కదిలితే ఫోకస్ నిజంగా కదిలేది 8.8 మైక్రాన్లు, పెద్ద అపెర్చర్‌కు అంతకన్నా తక్కువ. సాఫ్ట్‌వేర్ మాత్రం పదీ కదిలిందనుకుని బొమ్మను అంత పొడవుకు సాగదీస్తుంది.

ఇక చేయాల్సింది. నీ ముక్కలు ఫిక్స్ చేసినవి కాబట్టి నీళ్లలో ఉంచాల్సిన పని లేదు. గ్లిజరాల్‌లోకి మారిస్తే గుణకం 1.47 దగ్గరికి వస్తుంది, నూనెతో తేడా చాలా తగ్గిపోతుంది. ఇంకా సరిగ్గా కావాలంటే థయోడైఇథనాల్ ఉంది. నీళ్లతో ఏ పాళ్లలోనైనా కలుస్తుంది, పాళ్లు మార్చి గుణకాన్ని 1.33 నుంచి 1.52 దాకా ఎక్కడ కావాలంటే అక్కడ నిలపొచ్చు. ఒక్కసారిగా ముంచితే కణాలు ముడుచుకుపోతాయి. 10 శాతం, 25, 50, ఆఖరికి 97, ఇలా మెట్టు మెట్టుగా వెళ్లు. కొన్ని రంగులు అందులో వెలిసిపోతాయి, ముందు చిన్న ముక్క మీద చూసుకో.

ముక్కను స్లైడు మీద పెట్టకు, కవర్‌స్లిప్ మీద పెట్టు. మా గదికి వచ్చే స్లైడుల్లో నేను ఎక్కువగా దిద్దేది ఇదే. ముక్క స్లైడుకు అతుక్కుని కింద ఉంటే దానికీ కవర్‌స్లిప్‌కూ మధ్య ద్రవం పొర నిలుస్తుంది. ఆ ఖాళీ పొరను దాటడానికే నీ లోతంతా ఖర్చయిపోతుంది. 0.17 మిల్లీమీటర్ల కవర్‌స్లిప్ తీసుకో, డబ్బా మీద 1.5 అని ఉంటుంది. దాన్ని టిష్యూ మీద పరిచి, సన్నటి బ్రష్‌తో ముక్కను ఎత్తి మధ్యలో పెట్టు. చూడాలనుకున్న ముఖం గాజుకు ఆనాలి. ఒక చుక్క మౌంటింగ్ ద్రవం వెయ్యి. స్లైడు మీద అటూ ఇటూ రెండు వైపులా అతుక్కునే టేపు ముక్కలు చెరొకటి అంటించి, ఆ స్లైడును మెల్లగా కవర్‌స్లిప్ మీదికి బోర్లించు. ఆ టేపు మందం సుమారు 0.1 మిల్లీమీటరు ఉంటుంది, ముక్క నలగదు. టేపు లేకపోతే కవర్‌స్లిప్ బరువుకే మెత్తటి కణజాలం చదునైపోతుంది, దాన్ని ఏ మిషనూ మళ్లీ లేపలేదు. అంచులకు నెయిల్ పాలిష్ రాసి ఆరనివ్వు, తడి పాలిష్ లెన్స్‌కు తగలనివ్వకు.

ఒక్కో మైక్రాన్‌కు ఒక ఫొటో చాలదు. 0.8 విడదీయగల లెన్స్‌కు అందులో సగం కన్నా తక్కువ అడుగు వేయాలి, నీకు 0.3 బాగుంటుంది. ఫొటోలు మూడింతలవుతాయి, రంగు వెలిసిపోతుంది. కాబట్టి 40 మైక్రాన్లూ తీయకు, కావాల్సిన 10 మైక్రాన్లు తియ్యి. పిన్‌హోల్‌ను ఒక ఎయిరీ యూనిట్ (ఒక్క మెరిసే చుక్క బొమ్మలో నడిమి వెలుగు వెడల్పు) దగ్గర ఉంచు. మార్విన్ మిన్‌స్కీ 1957లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన ఆలోచనే ఈ పిన్‌హోల్. ఫోకస్‌లో లేని పొరల వెలుతురు ఆ సన్నటి రంధ్రం బయటే ఆగిపోతుంది. అది వెడల్పుగా తెరిచి ఉంటే కాన్ఫోకల్ కొన్నందుకు ప్రయోజనమే లేదు.

వీటన్నిటికన్నా ముందు, ఇప్పుడే, ఫిజీ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో నీ ఫైల్ తెరిచి ఇమేజ్ ప్రాపర్టీస్‌లో వోక్సెల్ లోతు, అంటే రెండు ఫొటోల మధ్య దూరం, 1 మైక్రానే ఉందో లేదో చూడు. ఫైలు ఒక ఫార్మాట్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు ఆ అంకె తారుమారైన కేసులు చాలా చూశాను.

ప్రశ్న: అమ్మా, నేను పట్టుపురుగుల గుడ్ల కేంద్రంలో పనిచేస్తాను. తల్లి సీతాకోకలను నూరి పెబ్రిన్ అనే పట్టుపురుగుల జబ్బు బీజాలు ఉన్నాయేమో చూస్తాం. ఒకే బీజం నాబ్ కొంచెం తిప్పితే మెరుస్తుంది, ఇంకొంచెం తిప్పితే నల్లబడుతుంది. పక్కనున్న అమ్మాయి అది కొవ్వు చుక్క అంటుంది, నేను పెబ్రిన్ అంటాను. ఎవరిది నిజం?
పలమనేరు

జవాబు: మెరుపు, నలుపు చూసి తేల్చకూడదమ్మా, రెండూ ఫోకస్ ఆటలే. చుట్టూ ఉన్న ద్రవం కన్నా బీజం గుణకం ఎక్కువ కాబట్టి అది చిన్న లెన్స్‌లా పనిచేస్తుంది. ఫోకస్ ఒక వైపు తిప్పితే నడుమ వెలుగు, రెండో వైపు తిప్పితే నడుమ చీకటి. కొవ్వు చుక్కా ఇదే ఆట ఆడుతుంది. ఆకారాన్ని చూడు. పెబ్రిన్ బీజం కోలగా, నున్నటి అంచుతో, 3 నుంచి 4 మైక్రాన్ల పొడవు ఉంటుంది, పొడవులన్నీ దాదాపు ఒకటే. కొవ్వు చుక్కలు గుండ్రంగా, చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. నీ 40 ఎక్స్ లెన్స్ ఒకసారికి స్పష్టంగా చూపేది ఒకటి రెండు మైక్రాన్ల పొర మాత్రమే. నిలువుగా నిలబడ్డ బీజం గుండ్రటి కొవ్వు చుక్కలా మోసం చేస్తుంది. బీజాలు ద్రవంలో కదులుతూ ఉంటాయి కదా, కొద్దిసేపు కళ్లు తిప్పకుండా దాన్నే చూడు. ఒక పక్కకు ఒరిగినప్పుడు కోల ఆకారం బయటపడుతుంది. చుక్క పలుచగా వెయ్యి. మందంగా వేస్తే ఒకదాని మీద ఒకటి పడి లెక్క తప్పుతుంది.

1860లలో ఫ్రాన్స్‌లో పట్టు పరిశ్రమ కూలిపోతుంటే పాశ్చర్ తెచ్చిన పరీక్ష ఇది. ఇన్నేళ్లయినా రైతు పంట ఆ లెన్స్ దగ్గర కూర్చున్న మనిషి కంటి మీదే నిలబడి ఉంది. మీరిద్దరూ ఒకే చుక్క మీద వాదించుకోవడం మంచి పని, ఆపకండి.

ప్రశ్న: మేడం, లెన్స్ ఒక వైపు నుంచే చూడడం వల్ల లోతు సరిగ్గా తెలియదని మా సైన్స్ సార్ చెప్పారు. అయితే ఇంకో లెన్స్ పెట్టి పక్క నుంచి కూడా చూడొచ్చు కదా?
పదో తరగతి విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: చూడొచ్చు నాన్నా! నువ్వు అడిగిన ప్రశ్నను పట్టుకునే పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు దశాబ్దాలు పనిచేశారు. స్టెఫాన్ హెల్ 1990ల మొదట్లో వస్తువుకు అటు ఒకటి, ఇటు ఒకటి లెన్సులు ఎదురెదురుగా పెట్టాడు. రెండు వైపుల నుంచీ వచ్చిన వెలుతురు కలిసి లోతు మసకను 100 నానోమీటర్ల దగ్గరికి తెచ్చింది. అదే హెల్‌కు వేరే పద్ధతి మీద 2014లో నోబెల్ వచ్చింది. ఎదురెదురు లెన్సులు చాలా మొండివి. రెండు దారుల పొడవూ వెలుతురు తరంగంలో కొద్ది భాగం తేడా కూడా లేకుండా కుదరాలి.

ఇంకో దారి నాకు ఎక్కువ ఇష్టం. పెంకుటింట్లో పెంకు సందులోంచి ఎండ పడుతుంటే ఆ చారలో దుమ్ము కణాలు ఒక్కొక్కటీ మెరుస్తూ తేలడం చూశావా? గదంతా దుమ్ము ఉంది, చారలో ఉన్నదే కనిపిస్తుంది. వెలుతురు ఒక వైపు నుంచి పడుతోంది, నువ్వు ఇంకో వైపు నుంచి చూస్తున్నావు. సీడెన్‌టాఫ్, జిగ్మోండీ 1903లో ఇలాగే పక్క నుంచి వెలుతురు పంపి ఎర్రటి గాజులో ఉన్న బంగారు రేణువులను చూశారు. జిగ్మోండీకి 1925 సంవత్సరపు రసాయన నోబెల్ వచ్చింది. వందేళ్ల తర్వాత 2004లో యాన్ హుయిస్కెన్, ఎర్న్‌స్ట్ స్టెల్జర్ బృందం వెలుతురును పలుచటి రేకులా చేసి చేప పిండంలోకి పక్క నుంచి పంపింది. పైనున్న లెన్స్‌కు ఆ రేకు పడిన పొర ఒక్కటే కనిపిస్తుంది. అంటే లోతును తేల్చేది లెన్స్ కాదు, రేకు మందం. పిండాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ వేరు వేరు వైపుల నుంచి తీసి, అన్నిటినీ కంప్యూటర్‌లో కలిపితే ఒక వైపు మసకను ఇంకో వైపు పదును పూడుస్తుంది. వెలుతురు పడేది చూస్తున్న పొర మీదే కాబట్టి పిండానికి దెబ్బ కూడా తక్కువ, పెరుగుతుండగానే గంటల తరబడి చూడొచ్చు.

ఇంట్లో చేసి చూడు. పక్కలు సమంగా ఉన్న గాజు సీసాలో నీళ్లు పోసి నాలుగు చుక్కల పాలు కలుపు. నల్ల అట్టకు సన్నటి నిలువు గీటు కోసి టార్చికి అడ్డం పెట్టి, చీకటి గదిలో పక్క నుంచి వెలుతురు పంపు. నీళ్లలో వెలుగు రేకు నిలబడుతుంది. గీటు వెడల్పు చేసి చూడు, సన్నగా చేసి చూడు. ఏం మారిందో నాకు రాయి.

ప్రశ్న: మా అబ్బాయి బయోటెక్నాలజీ చదువుతున్నాడు. చిన్నపిల్లల డైపర్‌లో ఉండే పొడితో కణాన్నే ఉబ్బించి మైక్రోస్కోప్‌లో పెద్దగా చూస్తారట. నన్ను ఆటపట్టిస్తున్నాడేమో అనిపించింది. నిజమేనా?
ఒక గృహిణి, చిత్తూరు

జవాబు: నిజమేనమ్మా, అబ్బాయి సరిగ్గా చెప్పాడు. డైపర్‌లో తడిని పీల్చుకునేది సోడియం పాలీఅక్రిలేట్. మనం సబ్జా గింజలు నానబెడితే చుట్టూ జిగురు ఉబ్బుతుంది చూడండి, అలా అది నీళ్లకు ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. 2015లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఎడ్వర్డ్ బాయ్డెన్ బృందం ఈ పదార్థాన్ని కణం లోపలే జెల్‌గా గట్టిపడేలా చేసింది. కణంలో మెరిసే గుర్తులను జెల్ దారాలకు ముడివేసి, అడ్డొచ్చే ప్రోటీన్లను ఎంజైముతో కరిగించి, మంచి నీళ్లు పోశారు. జెల్ అన్ని దిక్కులకూ సమంగా 4.5 రెట్లు పెరిగింది, గుర్తులూ దానితోపాటే ఒకదానికొకటి దూరం జరిగాయి.

అన్ని దిక్కులకూ అన్న మాటే నాకు ముఖ్యం. ఒకే వైపు నుంచి చూస్తున్నంత కాలం లెన్స్ మార్చినా, లేజర్ మార్చినా లోతు వెనకబడే ఉంటుంది. వస్తువే పెరిగితే లోతూ పెరుగుతుంది. 800 నానోమీటర్ల మసక 4.5తో భాగించుకుపోయి అసలు కొలతలో 180 దగ్గరికి వస్తుంది, అదీ మామూలు కాన్ఫోకల్ మీదే. పైగా ఉబ్బిన జెల్‌లో దాదాపు అంతా నీళ్లే కాబట్టి, నీటి లెన్స్ వాడితే పైన తిరుపతి అమ్మాయికి చెప్పిన గుణకం గొడవ కూడా పోతుంది, వెలుతురు లోతుకు నేరుగా వెళ్తుంది. కష్టాలు లేకపోలేదు. ఘనపరిమాణం 90 రెట్లవుతుంది, అదే రంగు అంత చోటుకు పరుచుకుంటుంది, బొమ్మ వెలవెలబోతుంది. బతికున్న కణంతో ఈ పని కుదరదు. నిజంగా సమంగా ఉబ్బిందో లేదో ఉబ్బక ముందు, ఉబ్బిన తర్వాత అదే కేంద్రకాన్ని కొలిచి చూసుకోవాలి.

అబ్బాయికి ఇంకొక సంగతి చెప్పండి, వాడు మీ దగ్గర నేర్చుకుంటాడు. మిఠాయిల్లో వేసే పసుపు రంగు, టార్ట్రజీన్, తెలుసు కదా. 2024లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు దాన్ని నీళ్లలో కలిపి ఎలుక చర్మానికి రాస్తే చర్మం కాసేపు పారదర్శకమైంది. రంగు కలిసిన నీళ్ల గుణకం పెరిగి కొవ్వు, ప్రోటీన్ల గుణకానికి దగ్గరైంది, వెలుతురు చెదరడం తగ్గింది. మనుషుల చర్మం మీద మాత్రం ప్రయత్నించొద్దని వాడికి గట్టిగా చెప్పండి.

ప్రశ్న: మేడం, మా డిగ్రీ కాలేజీలో కాన్ఫోకల్ లేదు, వచ్చే ఆశా లేదు. కెమెరా ఉన్న మామూలు ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ ఉంది. సాఫ్ట్‌వేర్‌తో మసక తీసేయొచ్చంటున్నారు. నమ్మొచ్చా?
ఒక లెక్చరర్, చిత్తూరు

జవాబు: చాలావరకు నమ్మొచ్చు సార్. వాకిట్లో ముగ్గు వేశాక సన్నటి చినుకు పడితే ప్రతి చుక్కా ఒకే తీరులో అలుక్కుంటుంది. ఒక్క చుక్క ఎలా అలుక్కుందో తెలిస్తే మొత్తం ముగ్గు ఎలా ఉండేదో వెనక్కి లెక్క కట్టొచ్చు. డీకన్వల్యూషన్ చేసేది ఇదే. రిచర్డ్‌సన్ 1972లో, లూసీ 1974లో విడివిడిగా రాసిన పద్ధతి ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. హబుల్ టెలిస్కోప్ 1990లో పైకి వెళ్లాక దాని అద్దంలో గోళీయ విపథనం బయటపడింది. 1993లో మరమ్మతు అయ్యేదాకా ఆ ఫొటోలను ఇలాంటి లెక్కలతోనే బాగుచేసుకున్నారు. ఫిజీలో డీకన్వల్యూషన్‌ల్యాబ్2 అనే ప్లగిన్ ఉచితంగా దొరుకుతుంది.

మీ దగ్గర మోటరు స్టేజీ లేకపోతే ఫైన్ నాబ్‌ను చేత్తోనే ఒక్కో గీతలో సగం చొప్పున తిప్పండి. ఎప్పుడూ ఒకే దిక్కుకు తిప్పండి. దాటిపోయి వెనక్కి వస్తే గేర్ల మధ్య సందు వల్ల నాబ్ తిరుగుతుంది, స్టేజీ కదలదు, ఆ స్టాక్ పారేయాల్సిందే. మొదటి పొర కన్నా కాస్త కింద నుంచి మొదలుపెట్టి, ఆఖరి పొర దాటి కొంచెం పైదాకా తీయండి. మసకలో కూడా సమాచారం ఉంది, లెక్కకు అది కావాలి.

ఒక్క చోట మాత్రం ఈ లెక్క చేతులెత్తేస్తుంది, పిల్లలకు తప్పక చెప్పండి. అంతటా ఒకే తీరుగా మెరిసే వెడల్పాటి పలుచటి పొర ఒకటి ఉందనుకోండి. మామూలు ఫ్లోరసెన్స్‌లో ఫోకస్ పైకి తెచ్చినా కిందికి దింపినా తెర మీద వెలుగు మారదు. అంటే ఆ పొర ఏ లోతులో ఉందన్న సమాచారం కెమెరాకు అసలు చేరనే లేదు. చేరనిదాన్ని లెక్క తిరిగి తేలేదు. చుక్కలు, దారాలు, గరుకు అంచులు ఉన్న నమూనాలకు డీకన్వల్యూషన్ బాగా పనిచేస్తుంది. నున్నటి పొరలకు కాన్ఫోకల్ లేదా వెలుతురు రేకు కావాల్సిందే.

ఈమధ్య ఏఐ పద్ధతులు వచ్చాయి. 2018లో జర్మనీ పరిశోధకులు పదునైన అడ్డం బొమ్మలతో నెట్‌వర్క్‌కు నేర్పి, మసక లోతు బొమ్మలను సరిదిద్దే పద్ధతిని ప్రచురించారు. ఫలితాలు కంటికి ఎంతో బాగుంటాయి. నేనూ వాడతాను, కణాలను లెక్కపెట్టడానికి, ఎక్కడ చూడాలో తెలుసుకోవడానికి. కానీ అది నేర్చుకున్నవాటిలా కనిపించేట్టు పూడుస్తుంది. మీ నమూనాలో అది ఎన్నడూ చూడనిది ఏదైనా ఉంటే దాన్ని కూడా తెలిసినదానిలా మార్చేయొచ్చు. కొత్త సంగతి కనిపెట్టాలని మైక్రోస్కోప్ ముందు కూర్చున్న మనిషికి ఇంతకన్నా నష్టం లేదు. మందాలు, దూరాలు కొలిచేటప్పుడు అసలు స్టాక్ మీదే కొలవమనండి.

ప్రశ్న: మేడం, పి.హెచ్‌డి. చేస్తున్నాను. మా పేపర్ చూసిన రివ్యూయర్ లోతు రిజల్యూషన్ (లోతు దిశలో ఎంత దగ్గరివాటిని విడదీయగలమో) ఎంతో రాయమన్నారు. లెన్స్ కంపెనీ కాగితంలో ఉన్న అంకె రాసేయొచ్చా?
ఒక రీసెర్చ్ స్కాలర్, తిరుపతి

జవాబు: వద్దు నాయనా. ఆ అంకె కొత్త లెన్స్‌కు, సరైన కవర్‌స్లిప్‌కు, గాజుకు ఆనుకున్న చుక్కకు. నీ నమూనా అలా లేదు. 100 నానోమీటర్ల ఫ్లోరసెంట్ పూసలు తెచ్చుకో, నీళ్లలో బాగా పలుచన చేసి కవర్‌స్లిప్ మీద ఒక చుక్క ఆరబెట్టు, నమూనాకు వాడిన ద్రవంతోనే మౌంట్ చెయ్యి. 0.1 మైక్రాన్ అడుగుతో స్టాక్ తీసి, ఒంటరిగా ఉన్న పూసను ఎంచుకుని, లోతు దిశలో వెలుగు సగానికి పడిపోయే రెండు చోట్ల మధ్య దూరం కొలువు. ఒక్క పూసతో సరిపెట్టకు, పదింటికి సగటు తియ్యి. పైన పొడవుగా, కింద పొట్టిగా, ఒక వైపే తోక ఉన్న పూస కనిపిస్తే అది గోళీయ విపథనం. లెన్స్ మీద సర్దుబాటు రింగు ఉంటే దాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ ఆ తోక రెండు వైపులా సమానమయ్యే దాకా చూడు.

తర్వాత అవే పూసలను అగరోజ్ జెల్‌లో కలిపి, అదే ద్రవంలో నానబెట్టి, నీ కణాలు ఉన్నంత లోతులో మళ్లీ కొలువు. ఈ రెండో అంకె మొదటిదాని కన్నా పెద్దది రావచ్చు, దాచకు. రెండూ రాసి, ఒక్కోదాని పక్కన ఎన్ని మైక్రాన్ల లోతులో కొలిచావో కూడా రాయి.